గురువారం, సామాన్ల గదిలో

మా బైబిల్ షోకేసులో ఉండేది,
లూర్దుమాత నీళ్ళ సీసాకీ పెళ్ళి ఫోటోకీ మధ్య.
తెరిస్తే
మూడేళ్ళ కిందటి మట్టల ఆదివారపు ఆకు,
కట్టేసిన కరెంటు బిల్లు,
నాన్న మరణ ధృవపత్రం జిరాక్సు.
పోగొట్టుకోకూడనివన్నీ అందులో దాచాం.
అందులో ఉన్నది తప్ప అన్నీ చదివాం.

ఎదురింటి గ్రేసమ్మది లూథరన్ గుడి.
ఆమె పుస్తకం నిండా ఎర్ర పెన్సిలు గీతలు.
"మరియమ్మకి దండలేస్తారు గానీ
ఏ మాట ఎక్కడుందో చెప్పలేరే మీరు" అంది,
పాలగిన్నె తిరిగిస్తూ.
కోపం వచ్చింది.
రాత్రికి ఆ కోపం నా మీదకే మళ్ళింది.

ఫాదర్‌గారిని అడిగాను.
జపమాల సంఘం ఉందిగా ఇన్నాసమ్మా, అన్నారు.
మరియసేన ఉందిగా, అన్నారు.
అవి నాకు నోటికొచ్చినవి ఫాదర్,
ఇది రానిది, అన్నాను.
కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని
సామాన్ల గది తాళం ఇచ్చారు.

వెదురు ఎముకలు తేలిన క్రిస్మస్ నక్షత్రం,
పండగ పందిరి గుడ్డలు,
కాలు విరిగిన యోసేపుగారి బొమ్మ,
ఒకే ఒక్క పొడుగు బల్ల.
గుళ్ళో ఎవరి వరుస ఎవరిదో
చెప్పకుండానే తెలుసు మాకు, తాతల నాటి నుంచీ.
ఇక్కడ బల్ల ఒక్కటే.
బాలశౌరి రెడ్డిగారు గుమ్మంలో నిలబడి
బల్ల వంకా,
మిర్చి యార్డు నుంచి తిన్నగా వచ్చిన సిలువమ్మ వంకా చూశారు.
నడుం నెప్పి, అని గొణిగి
కూర్చున్నారు.
ఆ నెప్పికి నా దండం.

మొదటి వారం నలుగురం.
మార్చి నెల గుంటూరు, కిటికీలోంచి యార్డు గాలి,
దగ్గుతూనే చదివాం. పుస్తకం మూశాం.
తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.
పూజలో అందరం కలిసి జవాబు చెప్పడం వచ్చు,
లేవడం వచ్చు, మోకరించడం వచ్చు.
నీకేమనిపించింది అని
మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.
ఫ్యాను తిరిగింది. బల్లి పలికింది.
పరలోక జపం చెప్పుకుని ఇళ్ళకెళ్ళాం.

రెండో వారం నేనే ఎంచాను,
గ్రేసమ్మ బైబిల్లో లేని కథ:
చూపు పోయిన తండ్రి,
బాకీ వసూలుకి బయల్దేరిన కొడుకు,
మనిషి వేషంలో తోడొచ్చిన దేవదూత,
వెనకాల ఓ కుక్క.
చేప చేదుకట్టు తండ్రి కళ్ళకి రాసే చోట
"అమ్మో, మంట" అంది సిలువమ్మ, పైకే.
పదేళ్ళుగా మిరప తొడిమలు తీసే చేతులు.
కళ్ళు తుడుచుకోవాలంటే ఆమెకి భుజమే గతి.
ఆ తండ్రికి కొడుకు మొహం కనబడ్డప్పుడు
భుజం ఎత్తింది.

మళ్ళీ అదే నిశ్శబ్దం.
తల్లిని సైకిలెక్కించుకుని పోదామని వచ్చి
గుమ్మంలో ఆగిన జోజి, పదో తరగతి తప్పినవాడు,
అడిగాడు:
"మరి ఆ కుక్క ఏమైంది?"

వెతికాం.
రెడ్డిగారి కళ్ళద్దాలు చేతులు మారాయి.
తిరుగు దారిలో ఉంది. ఇంటికొచ్చాక మాటే లేదు.
అన్నం పెట్టారా?
పెట్టే ఉంటారు.
రాసుండాలి కదా?
దేవదూతే వెళ్ళిపోయాడు, కుక్కెందుకు ఉంటుందయ్యా, అన్నారు రెడ్డిగారు.
"దేవదూతలు పోతారండీ,
కుక్కలుంటాయి" అంది సిలువమ్మ.
వాచ్‌మన్ వచ్చి రెండుసార్లు తాళాలు ఆడించాడు.

"మా దాంట్లో ఆ కుక్క లేదే" అంది గ్రేసమ్మ,
"ఏదీ, ఓసారి ఇవ్వు."
కరెంటు బిల్లు తీసేసి ఇచ్చాను. ఆకు అలాగే ఉంచాను.

నాలుగో రోజు తిరిగొచ్చింది.
ఆ పేజీ అంచున సిలువమ్మ బొటనవేలి ముద్ర, ఎర్రగా,
దాని పక్కనే, నన్నడక్కుండానే,
సన్నటి పెన్సిలు గీత.
తుడవబోయాను.
వేలు ముక్కు దాకా వెళ్ళిందో ఏమో,
ఒకటే తుమ్ములు.